మంచుకొండపై తోడు

హిమవంతుని పేరు వినని తెలుగిల్లు లేదు. మంచు నెరిగిన తెలుగిల్లు అరుదు. గోదావరి తీరమున నున్నవారికైనను, సూరత్తు మరమగ్గముల నడుమ బ్రదుకు తెలుగు నేతకుటుంబముల వారికైనను మంచు అనగా ధనుర్మాసపు వేకువను గడ్డిపరకపై నిలిచి, ఎండ రాగానే ఆరిపోవు బిందువు. బదరీక్షేత్రమున అట్లు కాదు. అచ్చట శీతకాలమున మంచే ప్రభువు. ఆలయద్వారములు మూయబడును; పూజలు దిగువనున్న పాండుకేశ్వరమునకు, జోషీమఠమునకు తరలును; ఎగువనున్న మాణా గ్రామమువారు గొఱ్ఱెలతో, పిల్లలతో లోయలోనికి దిగి వత్తురు. అట్టి ఋతువున కొండ నెక్కవలసి వచ్చినవాడు ఒంటరిగా ఎక్కరాదని పర్వతారోహకులు పదే పదే చెప్పుదురు.

బరువు మోయుటకు తోడు కావలెనని సామాన్యులు తలతురు. అది చిన్న కారణము. చలి బాధించునంతసేపు కీడు కొంత దూరముననే యుండును. బాధ మానినపుడే అది దగ్గర పడినది. ముక్కుకొన, చెవితమ్మె, వ్రేళ్లకొనలు మొదట మండును, పిదప మొద్దుబారును. చర్మము పాలిపోయి మైనమువలె గట్టిపడును. నొప్పి లేదు. తన ముక్కును తాను చూడజాలడు. కనుక వాడు తనకేమియు కాలేదనుచునే నడచును. ఒడలి లోపలి వేడి తరిగినచో ఇంకను విపరీతము. మాట తడబడును, అడుగు తడబడును, బుద్ధి మందగించును. ఆ మందగించిన బుద్ధియే తాను సరిగా నున్నానని తీర్పు చెప్పును! గడ్డకట్టు చలిలో ఒడలు మండుచున్నదని ఉన్నిబట్టలు విప్పివేసిన వారును కలరు.

దీనిని కనిపెట్టగలవాడు ప్రక్కన నడచువాడొక్కడే. అందుచేత కొండపై ఇరువురు మాటిమాటికి ఆగి ఒకరి ముఖమునొకరు పరికింతురు. తెల్లని మచ్చ కనబడెనా, వెచ్చని అరచేతితో కప్పవలెను. (మంచుతో రుద్దుట పూర్వపు వాడుక, అది హానియే చేయునని నేటి వైద్యులు చెప్పుచున్నారు.) శీతకాలపు పగలు పొట్టిది, ఇన్ని గంటలకు ఎచ్చట నున్నను వెనుదిరుగవలెనని బయలుదేరుటకు ముందే నిర్ణయించుకొందురు. శిఖరము కంటి ముందున్నపుడు ఆ మాటను జ్ఞాపకము చేయు తోడు శత్రువువలె కనబడును.

సాధకుని ఆపదయు ఇట్టిదే. మొదటిమారు కోపము వచ్చి పరుషవాక్యము పలికినపుడు గుండె మండును. ఆ రాత్రి నిద్ర పట్టదు. పదిమారులు పలికిన పిదప మంట లేదు. ఆ మొద్దుబారుటనే అతడు శాంతి యనుకొనును. జపసంఖ్య పెరిగినది; ఇంటివారికి అతనియెడ భయమును పెరిగినది. మొదటిది అతనికి తెలియును, రెండవది తెలియదు. దానిని చూచువారు ఇల్లాలు, బిడ్డలు, ఏండ్ల తరబడి కలసి నడచిన మిత్రుడు. వారు నోరు విప్పినపుడు, సంసారులకు ఆధ్యాత్మిక విషయము లేమి తెలియునని త్రోసిపుచ్చుట ఎంత సులభము! సత్సంగ మనగా మనలను పొగడువారి నడుమ కూర్చుండుట కాదు.

తెలుగునాట ఇటీవలి కాలమున ఇద్దరు పిల్లలు ఈ పాఠమును పుస్తకములలో గాక మంచులో నేర్చిరి. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మము జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి బండపై మొదట ప్రాకిరి. డార్జిలింగులో శిక్షణ పొందిరి. లడఖ్ శీతకాలపు మంచులో నడచిరి. 2014 మే 25న టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు శిఖరమునకు చేరిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆ త్రోవలో పూర్వము మరణించినవారి దేహములు మంచులోనే పడియుండుట ఆ బాలిక చూచెను. చూచి, దాటి నడచెను. దానిని కాఠిన్యమనరాదు. ఆ యెత్తున గాలి సముద్రతీరపు గాలిలో మూడవవంతు మాత్రమే. తన దేహమును మోయుటయే గగనము.

అయినను ప్రశ్న మిగులును. పడినవారిని విడిచి నడచుట ధర్మమేనా?

భారతము ఈ ప్రశ్నను మంచుకొండపైననే నిలిపినది. తెలుగున ఆ కథను తిక్కన సోమయాజి చెప్పెను. హిమవంతమును దాటి పోవుచుండగా ద్రౌపది పడెను; పిదప సహదేవుడు, నకులుడు, అర్జునుడు, తుదకు భీముడు. ఒక్కొక్కరు పడినపుడు భీముడు కారణ మడుగును. ధర్మరాజు చెప్పి, వెనుదిరుగక నడచును. చదువరికి ఇచ్చట మనసు చివుక్కుమనుట సహజమే. హస్తినాపురము నుండి ఎవరును పిలువకయే వచ్చిన కుక్క యొక్కటి మిగిలెను. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. నమ్మి వచ్చినదానిని విడువనని ధర్మరాజు నిలిచెను. తమ్ములను, భార్యను విడిచినవానికి కుక్కపై ఇంత మమకార మేల యని ఇంద్రు డడిగెను. ఈ యాక్షేపణ మన నోట నున్నదే. ధర్మరాజు సమాధానము సూటియైనది: చనిపోయినవారిని బ్రదికించు శక్తి తనకు లేదు, వారు ప్రాణములతో నుండగా తాను విడువలేదు, ఇది బ్రదికి యున్నది.

ఈ సమాధానముతో ఇంద్రుడు తృప్తి చెందెను. కుక్క ధర్మదేవతయై మెచ్చెను. కథ అంతటితో ముగియలేదు. స్వర్గమున ధర్మజునకు దుర్యోధనుడు కనబడెను గాని తనవారు కనబడలేదు. వారున్న చోటికి తోడ్కొని పొమ్మనగా దేవదూత చీకటియు దుర్గంధమును నిండిన త్రోవను నడిపించెను. సహింపలేక ధర్మరాజు మరలబోవగా చీకటి నుండి దీనస్వరములు వినవచ్చెను: అతని మేని మీదుగా వచ్చు గాలి తమకు చల్లగా నున్నదనియు, క్షణకాలము నిలువుమనియు. మీరెవ్వరని అడిగెను. కర్ణుడనని, భీముడనని, అర్జునుడనని, ద్రౌపదినని ఒక్కొక్కరు పలికిరి. ధర్మరాజు దేవదూతను వెడలిపొమ్మని, తాను అచ్చటనే నిలిచిపోయెను.