సగటు పలుకు సత్యమెంత?

పిల్లలకు తప్పక నేర్పవలసిన లెక్కలేవి యని పెద్దల నడిగినచో కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము అని నాలుగు వ్రేళ్లు ముడుతురు. అయిదవ వ్రేలికి మేము సగటును చేర్చుదుము. ఏలయన నేటి బిడ్డ వార్తాపత్రిక విప్పినను, బడిలో ప్రగతిపత్రమందుకొన్నను, క్రికెట్టు ఆటగాని పేరు విన్నను సగటు ఎదురగుచునే యుండును. సగటు వర్షపాతము, సగటు ఆదాయము, సగటు మార్కులు, సగటు పరుగులు! ఈ లెక్క కట్టుట పది నిముషములలో వచ్చును. కాని ఆ లెక్క పలుకు మాట ఎంతవరకు సత్యమో తెలియుటకు మాకు ఉద్యోగకాలములో సగము పట్టినది. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గుమాస్తాగిరిలో తల నెరసినవారము గాని మేము శాస్త్రవేత్తలము కాము. అయినను అనుభవమున తెలిసిన ఒక సంగతిని మన కుటుంబములవారికి విన్నవింపదలచితిమి.

ఇక్కడ షోలాపురములో ప్రతి ఆదివారము ఉదయమున ఇరుగుపొరుగు పిల్లలు కొందరు మా వసారాలో తెలుగు అక్షరములు దిద్దుకొనుటకు వత్తురు. బడిలో వారి చదువు మరాఠీలో సాగును. ఒకనాడు మా మనుమరాలు, "తాతా, బళ్లె సరాసరి లెక్కలు చెప్పిన్రు. సరాసరి అంటే సీదా పోవుడు గద, లెక్కలల్లకు ఎట్లొచ్చింది?" అని అడిగినది. చిన్న ప్రశ్నయే గాని మమ్ము నిలిపివైచినది. మరాఠీవారికిని, కన్నడిగులకును, తమిళులకును, మనకును సగటును తెలుపు మాట సరాసరియే. మన భాషలో ఆ మాటకే నేరుగా, తిన్నగా అను నర్థము గూడ కలదు. సగటును విన్నవాడు తాను నేరుగా సత్యము కడకే చేరితినని తలచుట లోకములో సామాన్యము. నిజముగా చేరునా? ఇదియే మా విచారము.

ఆనాడు అయిదుగురు పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి చింతపిక్కలు పంచితిమి. ఒకరికి 2, ఇద్దరికి మూడేసి, ఒకరికి 4, ఒకరికి 13 ఇచ్చితిమి. మొత్తము 25. కుప్పలన్నియు సమము చేసినచో తలకు 5 వచ్చును, దీనినే సగటందురని చెప్పితిమి. వెంటనే 13 పిక్కలు గల బాలుడు తన కుప్పను రెండు చేతులతో కప్పుకొని, "నేనియ్య" ననెను. రెండు పిక్కల బాలిక మా మొగము చూచి, "వాడియ్యకుంటే నాకు అయిదున్నయని ఎట్లంటరు తాతా?" అని అడిగినది.

మేము చెప్పవలసిన పాఠమును ఆ బాలికయే చెప్పినది. సగటనగా సమముగా పంచినచో ఒక్కొక్కరికి రాదగిన భాగము. అది పంచిపెట్టిన భాగము కాదు. ఈ రెంటికి నడుమ గల భేదమును మరచుటవలననే సగటు తరచుగా అసత్యమునకు తోడ్పడుచున్నది.

సగటు మనవారికి కొత్త కాదు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు లీలావతి గ్రంథమున గోతుల లెక్క చెప్పుచు, అంచులు వంకరగానున్న గోతిని పలుచోట్ల కొలిచి, ఆ కొలతలను కూడి, కొలిచిన చోట్ల సంఖ్యచే భాగింపవలెనని విధించెను. ఆయన యిచ్చిన ఉదాహరణమున పొడవు మూడుచోట్ల 10, 11, 12 మూరలు. వెడల్పు 6, 5, 7 మూరలు. లోతు 2, 4, 3 మూరలు. సగటున పొడవు 11, వెడల్పు 6, లోతు 3. మూటిని గుణించినచో గోతి ఘనపరిమాణము 198 ఘనపు మూరలు. మన్ను త్రవ్వినవానికి కూలి లెక్క కట్టుటకు ఇంతకంటె సులువైన దారి లేదు. కాని ఆ గోతిలో నీరు నిలిచినదనుకొనుడు. లోతు సగటున మూడు మూరలే యని విని, రొమ్ముబంటి నీరేకదా యని ఒక బాలుడు దిగినచో, నాలుగు మూరల లోతుగల చోట మునిగిపోవును. సంఖ్య ఒక్కటియే. మన్ను లెక్కించువానికి అది వెలుగు చూపినది, నీట దిగినవానికి ప్రాణము తీసినది. కనుక ఏ సగటునైనను చూచినప్పుడు, ఇది ఎవరి యక్కరకై కట్టినది, దీనిని నమ్మి దిగువాడెవడు, అను రెండు ప్రశ్నలు వేయుట పిల్లలకు నేర్పవలెను.

ఇక మా స్వంత తప్పు చెప్పుకొందుము. సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట మేము ఒక మగ్గముల కర్మాగారమున కూలి పట్టీలు వ్రాయుచుంటిమి. దసరాకు అడ్వాన్సు ఇచ్చుటకై, ఏ విభాగములో వారపు కూలి సగటు 400 రూపాయలు దాటదో ఆ విభాగమువారి పేర్లు పంపుమని పైనుండి ఉత్తరువు వచ్చినది. కండెలు చుట్టు విభాగమున పదిమంది. ఎనమండుగురు స్త్రీలకు వారమునకు మూడేసి వందలు, పైపని చూచు ఇద్దరికి 1,300 చొప్పున ముట్టుచుండెను. మొత్తము 5,000, సగటు 500. మేము 500 అని వ్రాసి పంపితిమి. ఆ విభాగమునకు అడ్వాన్సు రాలేదు.

రెండు దినముల పిమ్మట వారిలో ఒక విధవరాలు మా బల్ల కడకు వచ్చి, "అన్నా, మాకు వారానికి అయిదు నూర్లు వస్తున్నయని కాయితంల రాసిన్రట. నాకు మూడు నూర్లే ముట్టినయి. కడమ రెండు నూర్లు ఎవరు తిన్నరు?" అని అడిగెను. సగటనగా నేమో వివరింపబోయితిమి. ఆమె కొంతసేపు విని, ఏమియు ననక వెడలిపోయెను. ఆ దసరాకు ఆమె యింట ఏమి వండుకొనిరో మాకు తెలియదు. మరుసటి సంవత్సరము పట్టీలో ఆమె పేరు లేదు.

మా కూడికలో తప్పులేదు, భాగహారములో తప్పులేదు. అడిగినదానికి మాత్రమే బదులు వ్రాయుట గుమాస్తా ధర్మమని నమ్మియుంటిమి. కాని పదిమందిలో ఒక్కరికైనను 500 రూపాయలు ముట్టుటలేదని కలము పట్టిన మాకు తెలియును. ఆ మాట ఒక్క పంక్తిలో వ్రాయుటకు ఎవరును అడ్డుచెప్పలేదు. మరి మేము పలికినది సత్యమా, అసత్యమా?

భారత యుద్ధమున ధర్మరాజు అశ్వత్థామ హతుడయ్యెనని ద్రోణునికి వినబడునట్లు పలికి, ఏనుగు అను మాటను మాత్రము వినబడకుండ గొణిగెను. అందుచే అంతవరకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచుచుండిన ఆయన రథము నేల కానినదని పెద్దలు చెప్పుదురు. ఆయన పలికిన మాటలు దేనికది నిజమే. బిగ్గరగా పలికినదేది, గొణిగినదేది అనుటలోనే దోషమున్నది. సగటును బిగ్గరగా చెప్పి, హెచ్చుతగ్గులను గొణుగువాడును ఆ దోషమునకు పాలుపడును. మేము గొణుగనైనను లేదు.

అట్లని సగటును విడనాడుద మనుట మా మతము కాదు. సగటు లేనిచోట పుకారు రాజ్యమేలును. తెలుగువాడొకడు అద్దె బాకీ ఎగవేసినచో తెలుగువారందరు నింతే యనుట విన్నాము. ఇరుగుపొరుగు భాషలవారిని గూర్చి మనవారు నట్లే యనుటయు విన్నాము. ఒక్కని చూచి అందరికి తీర్పు చెప్పుట అన్యాయము. దానికి మందు పదిమందిని లెక్కించి సగటు కట్టుట. అందరి సగటు చూచి ఒక్కనికి తీర్పు చెప్పుటయు నన్యాయమే. దానికి మందు సగటుతో ఆగక ఆ యొక్కని చూచుట. పిల్లలకు ఈ రెండు మందులును కలిపి ఇయ్యవలెను.

ఈ విద్యలో జగద్విఖ్యాతి నొందిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు మనవలె రాష్ట్రము వెలుపలి తెలుగువారని చెప్పుకొనదగినవారు. ఆయన 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. తల్లి వేకువ నాలుగు గంటలకు లేపి, దీపము వెలిగించి చదివించెడిదని ఆయనయే కృతజ్ఞతతో వ్రాసికొనిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిరి. పక్షపాతము లేని అంచనా నెంత నేర్పుతో కట్టినను దానిలోని అనిశ్చితి ఒకానొక హద్దుకంటె తగ్గదని 1945లో నిరూపించిరి. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము నొంది, ఆ సంవత్సరము ఆగస్టులోనే నూటమూడవ యేట కీర్తిశేషులైరి. ఎంతటి అంచనాయైనను ఎంత దూరము తప్పవచ్చునో కొలిచి చెప్పుట ఆయన ఘనత. మా వంటి చిల్లర లెక్కలవారు మాత్రము ఒక సగటు కట్టి, ఇక తిరుగులేదని మురియుదుము.

సగటుతో మనకు ఇంకొక నిమిత్తమును గలదు. 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము, ఒక భాష మాతృభాషగా గల పిల్లలు బడి మొత్తమున 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని యున్నచో ఆ భాషలో చెప్పు ఉపాధ్యాయు నొకనినైన నియమింపవలెనని నిర్ణయించినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనను 350-ఎ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. ఇప్పుడొక పట్టణమున నాలుగు చిన్న బడులు గలవనుకొందము. ఒక్కొక్క బడిలో ఒక్క తరగతియందే మన పిల్లలు వరుసగా 22, 9, 6, 3 గలరు. సగటు 10. కాగితముపై నాలుగు బడులును సూత్రమునకు సరిపోయినట్లే తోచును. నిజమునకు సరిపోయినది ఒక్కటియే, తక్కిన 18 మంది బిడ్డలు సగటు చాటున మరుగుపడుదురు. తొమ్మిదిమంది గల బడిలో ఇంకొక్క బిడ్డ చేరినచో చాలునను సంగతి సగటు మనకు చెప్పదు. పట్టిక చెప్పును.

ఇంటిలోని సంగతియు నింతే. తరగతి సగటుకంటె తక్కువ మార్కులు వచ్చినవని బిడ్డను దండించు తండ్రులు ఒక్కమాట తలపవలెను. అందరికి సమానముగా మార్కులు వచ్చిననే తప్ప కొందరు సగటుకు దిగువ నుండక తీరదు. అది లెక్కల ధర్మమేగాని బిడ్డ నేరము కాదు. నిరుటి తన మార్కులతో నేటి తన మార్కులను పోల్చి చూచుకొనుట వానికి మేలు.

ఆ చింతపిక్కల నాటినుండి మా వసారాలో ఒక నియమము పెట్టితిమి. సగటు వ్రాసిన ప్రతి బిడ్డయు దానిప్రక్కన మిక్కిలి తక్కువ, మిక్కిలి ఎక్కువ, వరుసగా పేర్చినచో నడుమ నిలుచు మధ్యగతము, ఈ మూటిని గూడ వ్రాయవలెను. ఆనాటి పిక్కలకు సగటు 5, తక్కువ 2, ఎక్కువ 13, మధ్యగతము 3. మేము కర్మాగారమున అట్లు వ్రాసియున్నచో మధ్యగతము 300 అని తేలియుండెడిది, చదువువారు ఒక్క క్షణమైన ఆగియుందురు. ఈ నాలుగు గడులు గీయుటకు డబ్బు ఖర్చులేదు, పెద్ద చదువు నక్కరలేదు. ప్రతి యింటను పెద్దలు పిల్లలచేత ఈ యభ్యాసము చేయింప ప్రార్థించుచున్నాము.

కడమ రెండు నూర్లు ఎవరు తినిరని అడిగిన ఆమెకు ఆనాడు మేము చెప్పలేని సమాధానము నేడు మాకు తెలియును. ఎవరును తినలేదమ్మా. అవి నీకు రానేలేదు. వచ్చినట్లు వ్రాసినవారము మేము.