శాశ్వత నివాసానికి పునాది ఇక్కడే

బి.కొత్తకోట వాసులకు హార్స్‌లీ కొండ కొత్తది కాదు. ఒకప్పుడు ఏనుగు మల్లమ్మ కొండగా పిలువబడిన ఆ కొండపై సుమారు 1870లో కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ ఇల్లు కట్టుకున్నాడు. ఆయన వెళ్ళిపోయాడు. పేరు మాత్రం కొండకు మిగిలింది. కువైట్ ఎండల్లో ఏళ్ళ తరబడి చెమటోడ్చి మనం ఊళ్ళో కట్టుకునే ఇంటి సంగతీ ఇంతే. ఇల్లు ఉంటుంది, మనం ఉండము.

మరి ఆత్మకు అసలు నివాసం ఏది? మరణంతో ఆత్మ నశించదు. ప్రళయదినం వరకు అది బర్‌జఖ్ స్థితిలో ఉంటుంది. ఆ తర్వాత పునరుత్థానం, కర్మల విచారణ, చివరికి స్వర్గం లేదా నరకం. దివ్యఖుర్ఆన్ 40వ సూరా 39వ ఆయత్‌లో పరలోకానికి ఉన్న పేరు 'దారుల్ ఖరార్', అంటే స్థిరనివాసం. మృతుని వెంట వెళ్ళిన బంధువులూ, సంపదా తిరిగి వచ్చేస్తాయని, కర్మలు మాత్రమే అతనితో ఉండిపోతాయని దైవప్రవక్త (స) తెలిపారు.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. పొలమూ, ఇల్లూ వెంట రానప్పుడు వాటి పంపకాలకూ పరలోకానికీ సంబంధమేమిటి?

సూరా అన్నిసా తెరిచి చూద్దాం. 11, 12 ఆయత్‌లలో వారసత్వపు వాటాలు ఉన్నాయి. ఆ వెంటనే 13వ ఆయత్‌లో స్వర్గవనాల శుభవార్త, 14వ ఆయత్‌లో నరకాగ్ని హెచ్చరిక! ఆస్తి ఇక్కడే ఉండిపోతుంది. దాన్ని పంచిన తీరు మాత్రం మన వెంట వస్తుంది.

అప్పులూ, వీలునామా తీరిన తర్వాత ఒక తండ్రికి మూడెకరాలు మిగిలాయనుకుందాం. వారసులు ఒక కొడుకు, ఒక కూతురు మాత్రమే. రెండెకరాలు కొడుకువి, ఒక ఎకరం కూతురిది. ఇది అన్న దయతో ఇచ్చేది కాదు, అల్లాహ్ నిర్ణయించిన హక్కు. కాని మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? "పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా" అంటాం. లేదా "చెల్లెలే మాఫ్ చేసింది" అంటాం. "నాకేం వద్దు భాయిజాన్" అని ఆమె అన్నది నిజమే కావచ్చు. అది మనస్ఫూర్తిగా అన్నదా, పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో అన్నదా? ముందు ఆమె వాటా ఆమె చేతికి ఇచ్చి చూద్దాం. ఆ తర్వాత ఆమె సంతోషంగా తిరిగి ఇస్తే అది కానుక. ఇవ్వకపోతే అది ఆమె సొత్తు.

అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర దాన్ని చుట్టడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. జానెడుకే అంత బరువైతే ఎకరం మాటేమిటి?

నమాజులు చేస్తున్నాం, రోజాలు పాటిస్తున్నాం. ఆ ఇబాదత్‌ల పుణ్యం రేపు చెల్లెలి ఖాతాలోకి వెళ్ళిపోకముందే, ఊపిరి ఉండగానే లెక్క సరిచేసుకుందాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.