అభయదానము ఇంటి నుండియే



ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని దానములు నాలుగు. మొదటి మూడింటికి మన వర్తకులు ఎన్నడును వెనుదీయలేదు. నాల్గవదానిని కన్నబిడ్డలకైనను ఇచ్చుచున్నామా?

విశ్వవిద్యాలయములో చదువుచున్న మా అబ్బాయి సెలవులకు ఇంటికి వచ్చినాడు. పగలు పన్నెండైనను పక్క దిగడు. స్నానమునకు లేవడు. ప్రొద్దు గ్రుంకక మునుపు వడ్డించిన అన్నము పళ్ళెములో అట్లే ఉండును. రాత్రి రెండైనను చేతిలోని సెల్‌ఫోను మాత్రము దిగదు. "నీ వయసులో నేను కొట్టు నడిపాను, సోమరిపోతా!" అని కసరినాను. అది సోమరితనము కాదు, కుంగుబాటు అను వ్యాధి యని తరువాత తెలిసినది. రెండు నెలలుగా వాడు క్లాసులకే పోలేదట. నాతో చెప్పుటకు భయపడినాడు. చీమను త్రొక్కని నేను మాటతో హింస చేసితిని.

ఆ ఫోనులో లోకులు తమ జమ పద్దులే చూపుదురు, ఖర్చు పద్దులు దాచుదురు. మన బిడ్డ వారి జమను తన ఖర్చుతో పోల్చుకొని, తాను దివాలా తీసితినని తలచును. ఉమాస్వామి చెప్పిన నాలుగు ఆర్తధ్యానములలో, లేనిదానికై తపించు నిదానము ఒకటి. ఫోను దానికి నూనె పోయును.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారు 143 మంది విద్యార్థులపై చేసిన పరిశీలనను 2018లో ప్రకటించినారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటి దినమునకు 10 నిమిషములే చూచినవారికి 3 వారములలో ఒంటరితనము, కుంగుబాటు తగ్గినవి. 48 నిమిషముల సామాయికము కలిగిన మనకు ఈ నియమము క్రొత్త కాదు.

అయితే ఫోను లాగుకొని సామాయికము చేయుమన్నంతనే వ్యాధి పోదు. "కర్మఫలము, అనుభవింపవలసినదే" అనువారు కలరు. జ్వరము వచ్చిన బిడ్డతో అట్లందుమా? వైద్యుని పిలుతుము. ఆసుపత్రులకు ఔషధదానము చేసి ఫలకము వేయించుకొను మనము, సంబంధములు చెడునని, కొట్టు పేరు పోవునని, మన ఇంటి వ్యాధిని దాచుదుము. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్ వారు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా మాటలాడుదురు. అది చేయుటలో అవమానము లేదు.

గడచిన దశలక్షణ పర్వము ముగిసిన పిదప, క్షమావాణి నాడు, ఊరివారికంటె ముందు మా అబ్బాయినే క్షమాపణ అడిగినాను. వాడు చాలసేపు ఏడ్చి, తరువాత అన్నము తిన్నాడు. ఇప్పుడు మందు వాడుచు కాలేజీకి పోవుచున్నాడు. కొన్ని దినములు ఇంకను బరువుగానే గడచును.

నేటి సాయంత్రము కొట్టు కట్టి వచ్చి మీ బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. మార్కుల లెక్క అడుగక, చెప్పినది వినుడు. అదియే అభయదానము.

ఉత్తమ క్షమా!