‘వౌ’ అంటే మొక్కా, ప్రతిజ్ఞా?

ఇంగ్లిష్‌లో ‘వౌ’ మూడే అక్షరాల మాట. ఆశ్చర్యపోయినప్పుడు అనే ‘వావ్’తో దీనికి చుట్టరికం లేదు. లాటిన్‌లో ‘వోవేరె’ అంటే దేవుడికి మాట ఇవ్వడం. అలా ఇచ్చిన మాట ‘వోటుమ్’. అది ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌కి చేరి ‘వౌ’ అయింది. ‘ఓటు’ కూడా ఆ వోటుమ్ నుంచి వచ్చిందే. భక్తి అనే అర్థంలో వాడే ‘డివోషన్’దీ అదే పుట్టిల్లు. తెలుగువాళ్లు ఓటును పూర్తిగా సొంతం చేసుకున్నారు, డివోషనల్ పాటలు వింటున్నారు, వౌను మాత్రం గడప దాటనివ్వలేదు. ఆ పని చేసే మాటలు ఇంట్లో అప్పటికే అరడజను పైన ఉన్నాయి: మొక్కు, నోము, వ్రతం, దీక్ష, ప్రతిజ్ఞ, శపథం, ఒట్టు. చిక్కల్లా, ఒకదాని చోట ఇంకొకటి కుదరదు. అయ్యప్ప మాల వేసుకున్నవాడు దీక్షలో ఉన్నాడంటారు గానీ ఒట్టులో ఉన్నాడనరు.

నిఘంటువు ఈ మాటలన్నిటినీ వౌ ఎదురుగా వరసగా పేర్చి ఊరుకుంటుంది. వీటిలో ఏది పడుతుందో తేల్చేది పక్కనున్న క్రియ. ఇంగ్లిష్ బైబిల్లో వౌను ‘పే’ చేస్తారు, అంటే చెల్లిస్తారు. పెళ్లిలోనో మఠంలోనో పుచ్చుకున్న వౌను ‘కీప్’ చేస్తారు, అంటే నిలుపుకుంటారు. చెల్లించేది ఒకనాటితో తీరిపోతుంది. నిలుపుకునేది బతికున్నంతకాలం తీరదు. ఇంత దూరమున్న రెండు సంగతులకు ఇంగ్లిష్ ఒకే పేరు పెట్టింది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఆ రెండూ ఒకే ఊళ్లో కనబడతాయి. ఒకటి జర్పట్ నది ఒడ్డున మహాకాళి గుడిలో, రెండోది దీక్షాభూమిలో.

చంద్రపూర్ పాత పేరు చాందా. గోండు రాజుల రాజధాని. మహాకాళి ఆ ఊరి దేవత. చైత్రమాసంలో పౌర్ణమి దాకా సాగే జాతరకు నాందేడ్ వైపు మరాఠీవాళ్లు, ఆదిలాబాద్ వైపు తెలుగువాళ్లు వస్తారు. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, చుట్టుపక్కల బొగ్గు గనులు ఎన్నో తెలుగు కుటుంబాలకు బతుకుతెరువు చూపాయి కాబట్టి ఈ ప్రాంతంలో తెలుగు వినబడటం కొత్తేమీ కాదు. జాతరకు వచ్చినవాళ్లు నదిలో మునిగి, కొబ్బరికాయ, రవికె గుడ్డతో అమ్మవారి ఒడి నింపుతారు. ఇక్కడ మరాఠీవాళ్లు అనే మాట ‘నవస్’. నవస్‌ను ముందు ‘బోల్తారు’, తర్వాత ‘ఫేడ్తారు’. అప్పు తీర్చడానికి మరాఠీలో వాడేదీ ఆ ‘ఫేడణే’ క్రియే. తెలుగులో మొక్కునూ చెల్లిస్తారు, బిల్లునూ చెల్లిస్తారు.

మొక్కు లెక్క సూటిగా ఉంటుంది: పిల్లవాడి జ్వరం తగ్గితే కొండకు నడిచి వస్తాను, తలనీలాలు ఇస్తాను. ‘అయితే’ లేని మొక్కు అరుదు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడివేసి పటం దగ్గర పెడితే అది ముడుపు. పని జరిగేదాకా ఆ ముడిని ఎవరూ ముట్టరు. బిళ్ల విలువ రూపాయే, దాన్ని ఖర్చుపెట్టకుండా ఆపే బలం మాత్రం వేరే. రోమన్లదీ ఇదే పద్ధతి. బ్రిటన్ నుంచి రైన్ నది దాకా వాళ్లు నిలబెట్టిన రాతి పీఠాల మీద చివర నాలుగు అక్షరాలు కనబడతాయి: వి, ఎస్, ఎల్, ఎమ్. ‘మొక్కును ఇష్టపూర్వకంగా, దేవతకు తగినట్టు చెల్లించాడు’ అనే లాటిన్ వాక్యానికి అది పొట్టి రూపం. రసీదు అనుకోవచ్చు. కోరిక తీరిన మనిషిని రోమన్లు మొక్కుకు ‘బద్ధుడు’ అనేవారు, కోర్టులో ఓడిపోయి బాకీ పడ్డవాడిని అన్నట్టు.

బాకీ తీర్చడంలో మనసు లేకపోయినా బాకీ తీరుతుంది. అందుకే కాబోలు, తెలుగులో ‘మొక్కుబడి’ అర్థం జారిపోయింది. మొక్కుబడి అంటే మొక్కుకున్న కానుకే, కానీ పత్రికలు ‘సమావేశం మొక్కుబడిగా సాగింది’ అని రాస్తే ఏదో అయిందనిపించారని అర్థం. ఇంగ్లిష్ వౌకు ఈ గతి పట్టలేదు. అది ఇప్పటికీ బరువైన మాటే. రాజకీయ నాయకుడు ‘పగ తీర్చుకుంటానని శపథం చేశాడు’ అన్నచోట ఇంగ్లిష్ పత్రికలు ధారాళంగా వాడుతున్నా, ఆ బరువు పూర్తిగా పోలేదు.

నిలుపుకునే వౌను లోతుగా చర్చించింది క్రైస్తవ వేదాంతం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ వౌనూ ‘ఓత్’నూ వేరుచేశాడు. వౌ దేవుడికే ఇచ్చే మాట. ఓత్‌లో దేవుడు సాక్షి, మాట పుచ్చుకునేది మరొకరు కావచ్చు. క్యాథలిక్ చర్చి 1983 నాటి ధర్మశాసనం కూడా వౌను ఈ దారిలోనే నిర్వచించింది: ఆలోచించి, స్వేచ్ఛగా, సాధ్యమైన ఒక మేలును గురించి దేవుడికి ఇచ్చే మాట. సన్యాసినులు పుచ్చుకునే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత ఈ కోవలోవి. తెలుగులో ఓత్‌కు సరిపోయే మాట ప్రమాణం. రాజ్యాంగం మూడో షెడ్యూలు పదవి చేపట్టేవారికి రెండు దారులు ఇచ్చింది: దైవసాక్షిగా ప్రమాణం చేయడం, లేదా దేవుణ్ణి పిలవకుండా గంభీరంగా ధ్రువీకరించడం. అంటే ఓత్ దేవుడు లేకుండా నడుస్తుందని చట్టమే ఒప్పుకుంది. వౌ నడుస్తుందా? అక్వినాస్ నిర్వచనం ప్రకారం నడవదు, పుచ్చుకునేవాడే లేకపోతే ఇవ్వడమేమిటి?

ఈ ప్రశ్నకు చాందా ఇచ్చిన జవాబు 1956 నాటిది. అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో భిక్షు చంద్రమణి చేతుల మీదుగా బి.ఆర్. అంబేద్కర్ బౌద్ధం స్వీకరించారు. ఆ వెంటనే తన అనుచరుల చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. 16న అక్కడికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని చాందాలో, ఇప్పుడు దీక్షాభూమి అంటున్న మైదానంలో, అదే కార్యక్రమం జరిగింది. ఈ ఊరికి చెందిన బారిస్టర్ బి.డి. ఖోబ్రాగడే ఆ ఉద్యమంలో ముఖ్యుడు. తర్వాతి కాలంలో రాజ్యసభ ఉపాధ్యక్షుడయ్యారు. అప్పటికి చాందా పాత మధ్యప్రదేశ్‌లో ఉంది, వార్ధా నది అవతలి రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. పక్షం రోజులకు, నవంబర్ 1న, రెండూ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి.

ఈ ప్రతిజ్ఞలను ఇంగ్లిష్‌లో ‘22 వౌస్’ అంటారు. మొదటిదే బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుల మీద నమ్మకం ఉంచనని, వారిని పూజించనని. దేవుడికి ఇవ్వవలసిన మాటను దేవుళ్లను వదులుకోవడానికే వాడారన్నమాట. ‘అయితే’ ఒక్కదానిలోనూ లేదు. ఏమీ అడగలేదు కాబట్టి చెల్లించి వదిలించుకునేదీ లేదు. ప్రతి ప్రతిజ్ఞా ‘నేను’ అనే మనిషిదే, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు పాఠాలు లేవు. ఇది చిన్న విషయం కాదు. బైబిల్ సంఖ్యాకాండం 30వ అధ్యాయంలో కూతురి మొక్కును తండ్రి, భార్య మొక్కును భర్త రద్దు చేయవచ్చు.

జాగ్రత్తగా చదివితే ఈ 22 ఒకే రకంవి కావని తెలుస్తుంది. దొంగతనం చేయను, అబద్ధమాడను, మత్తు ముట్టను, పిండప్రదానం చేయను: ఇవి చేతలు, మాట ఇవ్వదగినవి. బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మను, మనుషులంతా సమానమని నమ్ముతాను: ఇవి నమ్మకాలు. రేపు ఏం చేస్తానో మాట ఇవ్వవచ్చు, రేపు ఏం నమ్ముతానో ఇవ్వగలమా? ఇంగ్లిష్‌లో దీనికి ‘అవౌ’ అనే వేరే మాట ఉంది, అంటే నలుగురిలో ఒప్పుకోవడం, చాటడం. చెవికి తోబుట్టువులా వినిపించినా అది ఓటు కుటుంబం కాదు, ‘పిలవడం’ అనే అర్థమున్న లాటిన్ ధాతువుది. అంబేద్కర్ ప్రతిజ్ఞల్లో సగం వౌ, సగం అవౌ. తెలుగు ‘ప్రతిజ్ఞ’ రెంటినీ మోయగలదు. తర్కశాస్త్రంలో ప్రతిజ్ఞ అంటే నిరూపించబోయే విషయాన్ని ముందు చెప్పడమే కదా.

బౌద్ధంలో పాత పద్ధతి ఇంకొంచెం మెత్తన. పంచశీలాల్లో పాలి భాషలో వాడేది ‘సిక్ఖాపదం’, అంటే సాధన చేయవలసిన నియమం. తప్పితే మళ్లీ స్వీకరిస్తారు. దాన్ని వౌ అని అనువదిస్తే కాస్త గట్టిపడిపోతుంది. మాటను గట్టిగా పట్టుకున్నా ఇరకాటమే. గాంధీ 1912లో పాలు మానేస్తానని వ్రతం పట్టారు. 1918లో జబ్బుపడి లేవలేని స్థితిలో, తాను అప్పుడు మనసులో పెట్టుకున్నవి ఆవు, గేదె పాలేనని సమాధానం చెప్పుకుని మేకపాలు తాగారు. అక్షరం నిలిచింది గానీ ఆత్మ నిలవలేదని ఆయనే తన ఆత్మకథలో బాధపడ్డారు.

దేవుడు లేని వౌకు అసలు గండం ఇంగ్లిష్ తత్వవేత్త థామస్ హాబ్స్ దగ్గర ఉంది. 1651లో వచ్చిన ‘లెవయతన్’లో ఆయన వాదన ఇది: కట్టగలవాడు విప్పనూగలడు, కనుక తనకు తానే కట్టుబడినవాడు కట్టుబడనట్టే. తెలుగు పిల్లలకు ఇది హాబ్స్ చెప్పకముందే తెలుసు. ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అనేది ఆ సూత్రమే. ఒట్టు వేయించుకున్నవాడు గట్టున పెట్టమంటే అయిపోయింది. మరి వేయించుకున్నవాడు లేకపోతే?

చాందా మైదానంలో ఒక్కొక్కరూ తమకు తామే కట్టుబడ్డారు, కానీ ఒంటరిగా కాదు. పక్కవాడి గొంతు వింటూ, పక్కవాడికి వినబడుతూ పలికారు. అక్కడున్న ప్రతివాడూ మాట ఇచ్చినవాడే, మిగతావాళ్లకు సాక్షి కూడా. మహాకాళి ఎదుట చేసిన మొక్కును అమ్మవారు మన్నించవచ్చు. ఇక్కడ విప్పాలంటే అంతమందీ ఒకేసారి గట్టున పెట్టమనాలి. హాబ్స్ వాదన ఒంటరి మనిషికి పనిచేస్తుంది, జనసమూహం ముందు నిలవదు. అందుకే ఈ 22ను తెలుగులోకి తెచ్చేవారు ‘మొక్కు’ దగ్గరికి పోకూడదు, ‘ఒట్టు’ దగ్గరికీ పోకూడదు. అసలు మరాఠీలో ఉన్న ‘ప్రతిజ్ఞ’ తెలుగుకూ సరిగ్గా సరిపోతుంది.

చాందాలో ఆ ప్రతిజ్ఞలు చేయించిన 51వ రోజున, 1956 డిసెంబర్ 6న, అంబేద్కర్ ఢిల్లీలో కన్నుమూశారు. ఆ మాట వెనక్కి తీసుకుంటామని అడగడానికి ఆయన కూడా లేరు.