పాత కారు, కొత్త ఆల్టర్నేటర్: జీర్ణోద్ధరణ ధర్మం

రథమంటే చక్రాలా, ఇరుసా, నొగలా అన్న విచారణ సుమారు రెండువేల ఏళ్ల నాటి ‘మిళిందపన్హ’లో ఉన్నది. వీటిలో ఏదీ రథం కాదనీ, అన్నీ కలసిన కూర్పునకు లోకం పెట్టుకున్న పేరే రథమనీ నాగసేన భిక్షువు మిళిందరాజుకు బోధపరుస్తాడు. పాత కార్లను బాగుచేసే షెడ్డులో ఆ ప్రశ్న నేటికీ ఎదురవుతూనే ఉన్నది.

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై అంబాసిడర్ కారు 1958 నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. 1960ల నాటి అంబాసిడర్‌కు విద్యుత్తునిచ్చేది డైనమో. తిరిగే ఆర్మేచర్‌లో పుట్టిన విద్యుత్తు కమ్యుటేటర్, కార్బన్ బ్రష్షుల ద్వారా వెలుపలికి వస్తుంది. ఇంజన్ నెమ్మదిస్తే ఆ శక్తి సన్నగిల్లుతుంది. కూడలిలో కారు ఆగితే దీపాలు మసకబారుతాయి. ఆల్టర్నేటర్‌లో విద్యుత్తు కదలని తీగచుట్టలో పుడుతుంది. డయోడ్లు దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా బాటరీకి చార్జింగ్ అందుతుంది.

యజమాని ముందు రెండు మార్గాలున్నాయి. బ్రష్షులు, బేరింగులు మార్చి, ఆర్మేచర్‌కు తీగ తిరిగి చుట్టించి డైనమోనే నిలుపుకోవడం ఒకటి. దానిని తొలగించి ఆల్టర్నేటర్ బిగించడం రెండవది. రాత్రివేళ రోడ్డెక్కే వాహనానికి వెలుగు ప్రాణరక్షణ కనుక రెండవదానిని తప్పుపట్టడం న్యాయం కాదు. ధర్మసందేహం మూడవ మార్గంలో ఉన్నది: ఆల్టర్నేటర్‌ను డైనమో ఆకారపు గుల్లలో దాచి అమర్చడం.

భారతదేశంలో 2021 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి మూలరూపంలో ఉన్న కారు ‘వింటేజ్’ వాహనం. చాసిస్, బాడీ, ఇంజన్‌లను గణనీయంగా మార్చి ఉండరాదు. ఆల్టర్నేటర్ ప్రస్తావన అందులో లేదు. చట్టం మౌనం వహించిన చోట అంతరాత్మ మాట్లాడవలసి ఉంటుంది. కట్టడాల పరిరక్షణకై 1964లో వెలువడిన వెనిస్ ప్రకటన ఇక్కడ దారి చూపుతుంది: కొత్త భాగం పాతదానితో ఇమడాలి, కాని అసలుదిగా భ్రమింపజేయరాదు.

ఆ భ్రమ నిరపాయకరమైనదీ కాదు. 1950ల బ్రిటిష్ కార్లలో చాలావాటికి బాటరీ ధనధ్రువాన్నే బాడీకి కలిపేవారు. ఆల్టర్నేటర్‌కు సాధారణంగా ఋణధ్రువం కలవాలి. గుల్లను నమ్మిన తర్వాతి మెకానిక్ పాత పద్ధతిలో బాటరీ కలిపితే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. దాచినవాడి తప్పుకు తెలియనివాడు మూల్యం చెల్లిస్తాడు.

రథమన్నది ఒక పేరే అయితే, ఆ పేరు మనుషుల మధ్య ఒడంబడిక. భాగం మార్చడం వల్ల ఆ ఒడంబడిక చెడదు. మార్చిన సంగతి దాచడం వల్ల చెడుతుంది. తీసిన డైనమోను భద్రపరచి, చేసిన మార్పును కారు కాగితాలలో రాసి, కొనేవారికి చెప్పడం యజమాని విధి. ఆలయాలను జీర్ణోద్ధరణ చేసిన దాతలు ఆ విషయాన్ని శిలాశాసనాలలో చెక్కించారు. ఏది కొత్తదో లోకానికి తెలిసినందువల్ల ఆ గుడుల పవిత్రత తగ్గలేదు.