పౌర్వాపర్యానికి ప్రమాణమేది?

వేర్వేరు ఊళ్లలోని కంప్యూటర్లు ఒకే సమాచారపు ప్రతులను ఉంచుకొని ఏకకాలంలో మార్చే ఉమ్మడి డేటాబేస్‌లో ప్రతి మార్పుకూ ఒక టైమ్‌స్టాంప్, అనగా వేళను తెలిపే ముద్ర, పడుతుంది. ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో దానినిబట్టి తేల్చవచ్చునని సాధారణంగా నమ్ముతారు. అయితే ఆ ముద్ర తెలిపేది కాలాన్నా, కేవలం ఒక గడియారపు స్థితినా అన్నది తాత్త్విక ప్రశ్న.

వైశేషికులు కాలాన్ని ఏకమూ నిత్యమూ అయిన ద్రవ్యంగా అంగీకరించి, క్షణం, దినం, మాసం అనే విభాగాలు దానికి సహజమైనవి కావనీ, సూర్యగమనం వంటి ఉపాధుల వల్ల, అంటే హద్దులు కల్పించే నిమిత్తాల వల్ల, ఏర్పడినవనీ చెప్పారు. ఈ దృష్టితో చూస్తే కంప్యూటర్ గడియారమూ ఉపాధే. దానిలోని క్వార్ట్జ్ స్ఫటికపు కంపనవేగం ఉష్ణోగ్రతనుబట్టి మారుతుంది కనుక, ఏ రెండు యంత్రాల గడియారాలూ ఎంత సరిచేసినా పూర్తిగా కలిసి నడవవు.

ఒక యంత్రంలో రోగి బ్లడ్ గ్రూపు తప్పుగా నమోదైందనీ, 2 సెకన్ల తరువాత వేరొక యంత్రంలో దానిని సరిదిద్దారనీ అనుకుందాం. రెండవ గడియారం 3 సెకన్లు వెనుకబడి ఉంటే, దిద్దుబాటుకు తప్పుకంటె ఒక సెకను ముందటి ముద్ర పడుతుంది. ముద్రలలో చివరిదానినే నిలిపే పద్ధతి పాటించే డేటాబేస్ దిద్దుబాటును తోసిపుచ్చి తప్పునే భద్రపరుస్తుంది. ఎవరి దురుద్దేశమూ లేకుండానే ప్రాణాపాయం ఏర్పడుతుంది గనుక, దీనిని కేవలం సాంకేతిక లోపమని సరిపెట్టుకోవడం తగదు.

1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ ప్రచురించిన వ్యాసం పౌర్వాపర్యానికి కార్యకారణ సంబంధాన్నే ఆధారం చేసింది: సందేశాన్ని పంపడం అది అందడానికి ముందటిదే; ఒకదాని ప్రభావం మరొకదానికి చేరే మార్గం లేని సంఘటనల మధ్య అటువంటి క్రమమే లేదు. భావాలను, అంటే ఉనికిగల వస్తువులను, విడిచి కాలం సిద్ధించదని మూలమధ్యమకకారికలో వాదించిన బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడికి ఈ ఆలోచన కొంత చేరువగా కనిపిస్తుంది, అయితే ఆ భావాలకూ స్వభావసిద్ధి లేదనే దాకా ఆయన వాదం సాగుతుంది, లాంపోర్ట్‌కు అంత దూరం పోవలసిన అవసరం లేదు.

గూగుల్ 2012లో వివరించిన స్పానర్ అనే డేటాబేస్‌లో గడియారం ఒక్క క్షణాన్ని కాక, అసలు వేళ తప్పక ఇమిడి ఉండే అవధిని చెబుతుంది; డేటాబేస్ తాను ముద్రగా ఎంచుకున్న క్షణం నిశ్చయంగా గడిచేదాకా ఆగి, ఆ తరువాతే మార్పును బయటపెడుతుంది. యథార్థం తెలిసి, తెలిసినది తెలిసినట్లు చెప్పేవాడినే నైయాయికులు ఆప్తుడన్నారు; తన సంశయపు మేరను దాచని గడియారానికే ఆ ఆప్తత్వం కొంతైనా చెల్లుతుంది.

అంతటి ఏర్పాటు లేనిచోట ప్రతి దిద్దుబాటూ తాను ఏ పాఠాన్ని సరిచేసిందో తనతోపాటే నమోదు చేయాలి. అప్పుడు గడియారం వెనుకబడినా దిద్దుబాటు తప్పుకు లొంగదు. ఒకదానినొకటి ఎరుగని రెండు నమోదులు ఎదురైనప్పుడు మాత్రం ముద్రను చూసి ఒకదానిని చెరిపివేయక, రెండింటినీ నిలిపి, రోగి రక్తాన్ని మళ్లీ పరీక్షించడమే న్యాయం.