మరో ఇంద్రుడా, ఇంద్రుడు లేని లోకమా?

బతుకునే బొమ్మలాటగా మార్చిన ఒక ఆటను పాతికేళ్లకు పైగా లోకమంతటా ఆడుతున్నారు. దాని పేరు 'ది సిమ్స్'. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైంది. దాని కర్త విల్ రైట్. 1991లో ఓక్లండ్ కొండల్లో రేగిన మంటల్లో ఆయన ఇల్లు కాలిపోయింది. మళ్లీ కాపురం పెట్టడానికి మనిషికి ఏయే వస్తువులు కావాలి అన్న ఆలోచన నుంచి ఈ ఆట రూపొందింది. ఇందులో శత్రువు లేడు, గెలుపు లేదు. ఆడేవాడు మనుషుల్ని సృష్టిస్తాడు, ఇల్లు కడతాడు, వాళ్లను ఉద్యోగానికి పంపుతాడు, వాళ్ల ఆకలీ నిద్రా స్నేహాలూ చూసుకుంటాడు. అంతే ఆట.

ఆట సంగతి అటుంచి, ఆడేవాళ్లు తమకు తామే పెట్టుకునే షరతుల్ని గురించి ఇక్కడ మాట్లాడదలచుకున్నాను. ఈ ఆటలో ఒక రహస్యపు మాట టైపు చేస్తే చాలు, ఒక్కసారిగా యాభై వేల 'సిమోలియన్లు' ఖాతాలో పడతాయి. సిమోలియన్ అంటే ఆ లోకపు రూపాయి. ఆ మాట తెలిసి కూడా దాన్ని ముట్టుకోమని ఒట్టు పెట్టుకునేవాళ్లు వేలమంది. 2004లో రెండో ఆట వచ్చిన కాలం నుంచి 'వారసత్వ పందెం' అనేది ప్రచారంలో ఉంది. ఒకే ఒక్క మనిషి, ఖాళీ జాగా, చేతిలో నామమాత్రపు సొమ్ము. అక్కడ మొదలుపెట్టి ఆ వంశాన్ని పది తరాలు నిలబెట్టాలి. అడ్డదారి సొమ్ము నిషిద్ధం. ఈ నియమాలను ఆట తయారు చేసిన కంపెనీ పెట్టలేదు. ఆడేవాళ్లే పెట్టుకున్నారు. నా తరగతిలో కూర్చునే పిల్లల్లోనూ ఇలాంటి పందేలు కట్టుకునేవాళ్లున్నారు.

సుఖం చేతికందుతుంటే కాదని కష్టాన్ని ఎందుకు కొని తెచ్చుకుంటారు? ఈ ప్రశ్నకు మన శిబిరంలో సిద్ధంగా ఒక సమాధానం ఉంటుంది: కడుపు నిండినవాళ్ల కాలక్షేపం. ఇంకో వైపు నుంచి కూడా సమాధానం సిద్ధమే: ఆట ఆటే, అందులో నీతి వెతకడం చాదస్తం. ఈ రెండూ తొందరపాటు మాటలే. మొదటిది ఆడేవాణ్ణి చూసి ఆటను చూడలేదు. రెండోది ఆటను చూసి అది ఏ లోకంలో పుట్టిందో చూడలేదు.

మొదటిమాట సంగతి ముందు చూద్దాం. తనకు తాను నియమం విధించుకొని పని సాధించడం మనకు కొత్త కాదు. పదహారో శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, పొన్నగంటి తెలగన్న 'యయాతి చరిత్రము' రాశాడు. సంస్కృత సమాలు ఒక్కటీ పడకుండా, అచ్చ తెనుగు మాటలతోనే ప్రబంధం నడపాలని ఆయన పెట్టుకున్న షరతు. దాన్ని అంకితం తీసుకున్న అమీన్ ఖాన్ పొట్లచెరువు వాడు. ఆ ఊరే ఇప్పటి పటాన్‌చెరు. అదే శతాబ్దంలో పింగళి సూరన ఒకే పద్యంలో రామకథా భారతకథా రెండూ పలికేటట్టు 'రాఘవ పాండవీయము' రాశాడు. అవధానంలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుకట్ట వేస్తుంటే అవధాని ఆ సందుల్లోంచే పద్యం లాగుతాడు. అభ్యుదయ విమర్శకులం వీటిని చాలాకాలం గారడీ అని తోసేశాం. గారడీ చాలానే ఉంది, కాదనను. కాని తెలగన్న షరతు మూలంగా, అంతకు ముందు కావ్యంలో తల దాచుకోవలసి వచ్చిన మాటలు సభలోకి వచ్చి కూర్చున్నాయి. అడ్డంకి పెట్టుకోబట్టే ఆయనకు కొత్త దారి కనబడింది. అడ్డంకి లేకపోతే అలవాటైన దారే గతి.

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ప్రకటించిన గ్రంథంలో ఆటకు ఒక నిర్వచనం ఇచ్చాడు. అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటడానికి చేసే ప్రయత్నమే ఆట అని దాని సారాంశం. ఇందులో ఆయువుపట్టు 'ఇష్టపూర్వకంగా' అన్న మాట. 1894లో వెలువడిన 'పెట్టుబడి' మూడో సంపుటంలో మార్క్స్ చెప్పిన విషయాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. అవసరం నిర్బంధించే శ్రమ ఎక్కడ ఆగుతుందో అక్కడే స్వేచ్ఛా రాజ్యం మొదలవుతుందనీ, పనిదినాన్ని తగ్గించడం దానికి మూలమైన షరతనీ ఆయన అన్నాడు. ఆ రాజ్యంలో మనిషి చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? కూర్చోడు. తన శక్తులను పరీక్షించుకునే పనులను తానే కల్పించుకుంటాడు. ఆ లెక్కన, కంప్యూటరు ముందు పది తరాల పందెం కట్టిన కుర్రవాడు వికృతంగానో సవ్యంగానో ఆ స్వేచ్ఛనే రుచి చూస్తున్నాడు. పగలంతా ఇతరులు పెట్టిన నియమాల కింద నలిగినవాడికి సాయంత్రం ఒక్క నియమమైనా తనది కావాలనిపించడం తప్పు కాదు. కాబట్టి 'కాలక్షేపం' అని కొట్టిపారేయడం కుదరదు.

ఇక రెండోమాట. 2009లో రాబిన్ బర్కిన్‌షా అనే యువకుడు, ఆటలు రూపొందించే విద్య చదువుతూ, మూడో సిమ్స్‌లో ఒక ప్రయోగం చేశాడు. ఆలిస్, కెవ్ అనే కూతురినీ తండ్రినీ సృష్టించి, వాళ్లకు ఇల్లు లేకుండా పార్కులో వదిలేశాడు. వాళ్ల కథను బొమ్మలతో ప్రచురించాడు. నిద్ర చాలక ఆ పిల్ల బడికి తూలుతూ వెళ్తుంది. ఊళ్లో ఎవరి ఇంటో పడక దొరికితే అదే పండగ. ఆ కథ చదివి కన్నీళ్లు పెట్టినవాళ్లున్నారు. దీన్ని కూడా 'ఆట ఆటే' అందామా? కన్నీళ్లు నిజమైనవే కదా.

అయితే ఇక్కడొక తేడాను గట్టిగా పట్టుకోవాలి. ఆటలోని పేదరికానికి తలుపుంది. ఏ క్షణాన కావాలంటే ఆ క్షణాన కట్టేసి అన్నానికి లేవవచ్చు. పేదవాడి పేదరికానికి ఆ తలుపే లేదు. తక్కువ డబ్బుండడం పేదరికంలో ఒక భాగమే, బయటపడే దారి తన చేతిలో లేకపోవడం దాని అసలు స్వరూపం. నిండిన గాదె పక్కన ఏకాదశి ఉపవాసం ఆకలి కాదు. గాంధీగారిని పేదరికంలో ఉంచడానికి బోలెడంత ఖర్చవుతోందని సరోజినీ నాయుడు చమత్కరించినట్టు చెప్పుకుంటారు. బషీర్‌బాగ్ నుంచి ఆబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషన్ వైపు నడిస్తే ఆమె ఇల్లు 'గోల్డెన్ థ్రెషోల్డ్' ఇప్పటికీ కనబడుతుంది. ఆ చమత్కారంలో చాలా లోతుంది. ఎంచుకున్న లేమికీ, మీద పడ్డ లేమికీ పైకి పోలిక ఒకటే, లోపలి పదార్థం వేరు. ఆటలో పేదవాడైనవాడు పేదవాణ్ణి అర్థం చేసుకున్నానని అనుకుంటే అది మోసం. పేదవాడికి లేనిది తనకేముందో గుర్తిస్తే అది జ్ఞానం.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆడేవాడు పెట్టుకున్న నియమం ఒకటీ రెండూ. ఆట లోపల ముందే ఉన్న నియమాలు లెక్కలేనన్ని. ఆ లోకంలో ఉద్యోగం అడిగినవాడికల్లా దొరుకుతుంది. పనికి వెళ్తే పై మెట్టు ఎక్కడం దాదాపు ఖాయం. కులం అడిగేవాడు లేడు. కాపురం మొదలుపెట్టగానే కొత్త కుటుంబానికి మామూలుగా ఇరవై వేలు చేతిలో ఉంటాయి, ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ అడగరు. కష్టపడితే పైకి వస్తావు, రాలేదంటే లోపం నీదే అన్న సిద్ధాంతాన్ని అక్కడ ఎవరూ ఉపన్యసించరు. అది గోడల్లోనే కట్టి ఉంది. తాను పెట్టుకున్న షరతుతో కుస్తీ పడుతున్న ఆటగాడికి, తాను పెట్టుకోని షరతు కనబడదు. ఆట మనకు బోధించే భావజాలం అక్కడే ఉంది.

కరెంటు బిల్లునే తీసుకుందాం. మొదటి ఆటలో బిల్లు కట్టకపోతే మనిషి వచ్చి సామాను జప్తు చేసుకుపోతాడు. నాలుగో ఆటలో దీపాలూ నీళ్లూ ఆగిపోతాయి. కట్టడం, కట్టకపోవడం ఆటగాడి చేతిలో ఉన్నాయి. ఆ రేటు ఎవరు వేశారని నిలదీసే చోటు లేదు. ఈ ఆట పుట్టిన ఏడాదే, 2000 ఆగస్టు 28న, బషీర్‌బాగ్‌లో ఏం జరిగింది? ప్రపంచ బ్యాంకు అప్పుతో సాగిన విద్యుత్ సంస్కరణల కాలంలో పెంచిన కరెంటు చార్జీలను తగ్గించమంటూ వామపక్షాల పిలుపుమీద వేలమంది అసెంబ్లీకి బయలుదేరారు. పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఆ తేదీన ఇప్పటికీ అక్కడ నివాళులు అర్పిస్తారు. ఆనాడు రోడ్డుమీదికి వచ్చినవాళ్లు 'ఈ బిల్లు ఎలా కట్టాలి' అన్న ప్రశ్న దగ్గర ఆగలేదు. 'ఈ రేటు ఎవరు వేశారు, ఎవరి కోసం' అని అడిగారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. దానికి కారణాలు అనేకం. అయినా ప్రకృతి ధర్మంలాగా చెప్పిన నియమం మనుషులు మార్చగల నియమమేనని తేలింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2020లో వచ్చిన ఒక అనుబంధంలో ఇరుగుపొరుగు ఓటు వేసి పేటకు కట్టుబాట్లు తెచ్చుకునే ఏర్పాటు కూడా చేర్చారు. మంచిదే. కాని ఏ కట్టుబాట్లమీద ఓటు వేయవచ్చునో ఆ జాబితా కంపెనీదే. నాలుగో సిమ్స్ మూల ఆటను 2022 అక్టోబరు నుంచి ఉచితంగా ఇస్తున్నారు, లోకంలో ప్రతి కొత్త ముక్కకూ మాత్రం వెల కట్టారు. సృష్టి ఆటగాడిది, స్థలం యజమానిది.

మన ఇళ్లలో సంక్రాంతికీ దసరాకూ పెట్టే బొమ్మల కొలువు సైతం లోక నిర్మాణమే. చిన్నపిల్ల ఊరు కడుతుంది, అంగడి పెడుతుంది, పెళ్లి చేస్తుంది. కాని పై మెట్టుమీద దేవుడు, కింది మెట్టుమీద కూరగాయలమ్మే మనిషి. ఆ మెట్ల వరస ఆ పిల్ల పెట్టింది కాదు. పెద్దలు చెప్పకుండానే ఆమె నేర్చుకుంది. ఆట శ్రమ తర్వాత పుట్టిందనీ, బతుకులో చేసేదాన్నే మనిషి ఆటలో మళ్లీ చేస్తాడనీ ప్లెహనోవ్ వాదించాడు. అది నిజమైతే, బతుకులోని మెట్లు ఆటలోకి రావడంలో వింత లేదు. ఆట ఆడుతూ ఆ మెట్లను చూడగలగడమే వింత, అదే మనం కోరవలసింది.

అది అసాధ్యమూ కాదు. ఈ ఆటగాళ్లలోనే కొందరు షరతులతో తృప్తిపడక, ఆట లోపలి నిబంధనలనే తిరగరాసే చిన్న ప్రోగ్రాములు రాసి పదిమందికీ పంచుతున్నారు. నియమాన్ని పాటించడంలో నేర్పు ఒక మెట్టు. దాన్ని తానే పెట్టుకోవడం రెండో మెట్టు. పెట్టి ఉన్నదాన్ని పట్టుకుని ఎవరు పెట్టారని అడగడం మూడోది. పదిమందితో కలిసి దాన్ని మార్చడం నాలుగోది. మొదటి రెండు మెట్లదాకా ఆట చాలు. తర్వాతి రెండింటికి తరగతిగది కావాలి, సంఘం కావాలి, అవసరమైతే వీధి కావాలి.

ఉపాధ్యాయులకు నా మనవి ఇది. పది తరాల పందెం కట్టిన పిల్లవాణ్ణి చీవాట్లు పెట్టకండి. నీ షరతు నువ్వు పెట్టుకున్నావు, బాగుంది, నువ్వు పెట్టుకోని షరతుల జాబితా రాసుకురా అనండి. ఆ జాబితా రాయడం మొదలుపెట్టిన రోజున వాడు సాంఘిక శాస్త్రంలో అడుగుపెట్టినట్టే.

త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు కొత్త నక్షత్రాలనూ కొత్త సప్తర్షులనూ సృష్టించాడని రామాయణం బాలకాండ చెబుతుంది. అంతటితో ఆగక, ఇంకో ఇంద్రుణ్ణి చేస్తాను, లేదా అసలు ఇంద్రుడే లేని లోకం చేస్తాను అని ఆయన కోపంతో అన్నాడు. దేవతలు హడలిపోయి రాజీకి వచ్చారు, త్రిశంకుడు తలకిందులుగా వేలాడుతూ మిగిలాడు. లోకాలు కట్టే ప్రతివాడి ముందూ ఆ రెండు దారులే ఉన్నాయి. ఇంకో ఇంద్రుణ్ణి చేసుకోవడం సులభం. అందుకు పనితనం ఉంటే చాలు. రెండోదానికి ఇంద్రపదవి ఎందుకున్నదని అడిగే ధైర్యం కావాలి.